బోరు పని చేశాక స్కూటర్ మాట వినడం లేదా? సమస్య - పరిష్కారం

ఇది పాత టూ స్ట్రోక్ బళ్ల గురించి. చేతక్, ఎక్సెల్ సూపర్ లాంటివి, పెట్రోల్లో ఆయిల్ కలిపి పోసేవి. ఫోర్ స్ట్రోక్ వాళ్లకు ఇందులో సగం పనికిరాదు. బోరు (పిస్టన్ ఆడే సిలిండర్) విప్పడం, పిస్టన్, దాని చుట్టూ ఉండే రింగులు మార్చడం, తిరిగి బిగించడం మీకు వచ్చనే అనుకుంటున్నాను. అంతా బిగించి, స్పానర్లు తుడిచి పెట్టాక బండి మొండికేస్తే ఎక్కడ వెతకాలన్నదే ఇక్కడి విషయం.

కాలు పడిపోయేదాకా కిక్ కొట్టినా స్టార్ట్ కావడం లేదు

పెట్రోల్ ట్యాప్ తిప్పారా? నవ్వకండి. ఏప్రిల్ ఎండలో అరగంట కిక్కులు కొట్టి, ప్లగ్గు మార్చి, కాయిల్ మార్చి, బండిని ఆటోలో వేసుకుని వస్తే ట్యాప్ ఆఫ్‌లో ఉన్న సందర్భాలు నేను ఒకటి కంటే ఎక్కువే చూశాను.

ట్యాప్ ఆన్‌లోనే ఉంటే ఓ పది కిక్కులు కొట్టి ప్లగ్గు విప్పండి. పొడిగా ఉంటే పెట్రోల్ రావడం లేదు: పైపు, కార్బొరేటర్లో పెట్రోల్ మట్టం చూసే ఫ్లోటు, పెట్రోల్ వెళ్లే సన్న రంధ్రం జెట్టు, ఈ వరుసలో చూడండి. తడిగా ఉంటే మంట లేదు, లేదా తప్పు సమయంలో వస్తోంది. ప్లగ్గును క్యాప్‌లో పెట్టి ఇంజిన్ ఇనుముకు ఆనించి కిక్ కొట్టండి. అయితే ప్లగ్గు రంధ్రానికి దూరంగా పట్టుకోండి, అక్కడి నుంచి పెట్రోల్ ఆవిరి చిమ్ముతుంది. నీలం మంట బాగానే కనబడుతున్నా స్టార్ట్ కాకుండా, కిక్ రాడ్డు కాలిని వెనక్కి తంతుంటే మాగ్నెట్ (ఇంజిన్‌తో పాటు తిరుగుతూ మంటకు కరెంటు పుట్టించే చక్రం) దగ్గర అర్ధచంద్రాకారంలో ఉండే చిన్న కీ విరిగి ఉంటుంది. లేకపోతే గుర్తు పెట్టుకోకుండా కాయిల్ ప్లేటు విప్పి, ఎటో తిప్పి బిగించి ఉంటారు.

కిక్ తేలిగ్గా దిగిపోతోంది, కంప్రెషన్ లేదు

పిస్టన్ మీద బాణం సైలెన్సర్ వైపు ఉందా? బోరు దింపేటప్పుడు రింగు కొసలు గాడిలోని పిన్నుల దగ్గరే కూర్చున్నాయా? ఈ రెండూ సరిగ్గా ఉన్నాయని మీకు గుర్తుంటే చాలదు, కంటితో చూడాలి. రింగు పిన్ను మీదికి ఎక్కిన బోరును సుత్తితో తట్టి దింపితే ఆ రింగు అప్పుడే విరిగిపోయి ఉంటుంది.

ఇంకో సాధారణమైన తప్పు, అరిగిన బోరులో కొత్త రింగులు వేయడం. రింగును ఒక్కదాన్నే బోరులోకి దించి, పిస్టన్‌తో నెట్టి సమంగా చేసి, కొసల మధ్య సందును పలచటి రేకులుండే ఫీలర్ గేజ్‌తో కొలవండి. ఈ చిన్న బోర్లకు సుమారు 0.15 నుంచి 0.35 మిల్లీమీటర్ల దాకా ఫరవాలేదు. అంతకంటే బాగా ఎక్కువుంటే డబ్బులు దండగ. బోరు లేత్ షాపుకి పోవాలి, పిస్టన్ ఓవర్‌సైజుకి మారాలి. పిస్టన్‌ను ముందు కొని, దాన్ని కూడా లేత్ షాపులో ఇవ్వండి. దాన్ని కొలిచే బోరు కొట్టాలి.

స్టార్ట్ అవుతోంది కానీ, యాక్సిలేటర్ వదిలినా రేసు దిగడం లేదు

దీని దగ్గర కొంచెం ఎక్కువసేపు కూర్చుందాం. నా చేత మూడు పిస్టన్లు కొనిపించింది ఇదే.

ముందు తేలికైనవి. హ్యాండిల్‌ను రెండు వైపులా పూర్తిగా తిప్పినప్పుడు రేసు మారుతుంటే కేబుల్ బిగుతుగా ఉంది. కార్బొరేటర్ స్లైడ్‌కి అడుగున కోసినట్టు ఉండే వైపు ఎయిర్ ఫిల్టర్ వైపు ఉండాలి. తిరగేసి దూర్చితే రేసు దిగదు. కార్బొరేటర్ నట్లు, దాని వెనక ప్యాకింగ్, బోరు అడుగు ప్యాకింగ్ చూడండి. ఇవన్నీ బాగున్నాయి, రేసు మాత్రం ఇంజిన్ వేడెక్కే కొద్దీ పెరుగుతోంది, చోక్ వేస్తే తగ్గుతోంది అంటే ఇక కార్బొరేటర్ జోలికి పోకండి. ఇంజిన్ ఎక్కడి నుంచో దొంగగాలి తాగుతోంది.

ఎక్కువసార్లు ఆ దొంగదారి క్రాంకుకు (పిస్టన్ ఆటతో తిరిగే ఇరుసు) మాగ్నెట్ వైపు ఉండే ఆయిల్ సీలు. టూ స్ట్రోక్‌లో పిస్టన్ కింది గది కూడా పంపు లాంటిదే. పిస్టన్ పైకి లేస్తే పెట్రోల్, గాలి ఆ గదిలోకి వస్తాయి, దిగితే పక్క దారుల్లో పైకి పోతాయి. క్రాంకు రెండు కొసలూ బయటికి వచ్చే చోట ఆ గదిని మూసి ఉంచేవి రెండు రబ్బరు సీళ్లే. మాగ్నెట్ వైపుది ఎండి గట్టిపడితే, పిస్టన్ లేచినప్పుడల్లా అక్కడి నుంచి కూడా గాలి దూరుతుంది. గాలి పెరిగి పెట్రోల్ పలచబడుతుంది. ఈ బళ్లలో ఆయిల్ వచ్చేది పెట్రోల్‌తోనే కాబట్టి, వేడి పెరిగే సమయంలోనే ఆయిల్ కూడా తగ్గుతుంది. కొత్త పిస్టన్ బోరులో పట్టేసేది అందుకే.

మా చిన్నాన్నకి ఒక మోపెడ్ ఉండేది. మామిడి కాలంలో దామలచెరువు మండీకి దాని మీదే తోతాపురి బుట్టలు వేసేవాడు. నేను ఉత్సాహంగా బోరు పని చేసి ఇచ్చాను. మూడో రోజు పాకాల దాటకముందే పట్టేసింది. లేత్ షాపులో బోరు బిగుతుగా కొట్టారని తిట్టుకుని ఇంకో పిస్టన్ వేశాను. అదీ పట్టేసింది. మూడోసారి ఎందుకైనా మంచిదని ఆయిల్ రెట్టింపు కలిపాను. అది ఇంకా పెద్ద తప్పు. లీటరులో ఆయిల్ వాటా పెరిగితే జెట్టులోంచి వెళ్లే పెట్రోల్ వాటా తగ్గుతుంది, మిశ్రమం మరింత పలచబడుతుంది. చిన్నాన్న ఏమీ అనలేదు. మరుసటి రోజు నుంచి బుట్టలు ఆటోలో వేశాడు. అనుంటేనే బాగుండేది.

తర్వాత తెలిసిందేమిటంటే, జవాబు మొదటి రోజే నా చేతికి అంటుకుంది. మాగ్నెట్ విప్పినప్పుడు దాని వెనక నల్లటి జిడ్డు, పెట్రోల్ వాసన. ‘పాత బండి కదా’ అనుకుని పాత బనీనుతో తుడిచేశాను. మాగ్నెట్ గది పొడిగా ఉండాలి. అక్కడ పెట్రోల్ వాసనతో తడి ఉంటే సీలు పోయినట్టే. అందుకే చెబుతున్నాను, కడగకముందు చూడండి. ఇంజిన్‌ను డీజిల్‌తో తళతళలాడేలా కడిగి ఆ తర్వాత కారణం వెతికేవాళ్లను చూస్తే నాకు కడుపు మండుతుంది.

తడి కనబడకపోయినా అనుమానం తీరకపోతే గాలి పరీక్ష చేయండి. కావలసింది బీపీ చూసే మిషన్, పాదరసం లేని గుండ్రటి మీటరుది. చేతికి చుట్టే పట్టీ తీసేసి, బల్బు గొట్టం, మీటరు గొట్టం రెండింటినీ చేపల తొట్టెల షాపులో దొరికే టీ జాయింటుతో కలపండి. పాత ప్లగ్గులో పింగాణీ పగలగొట్టి తీసేసి, ఆ రంధ్రంలో మూడో గొట్టం దూర్చి ఎం-సీల్ పెట్టండి. కార్బొరేటర్ విప్పి ఆ మూతికి, సైలెన్సర్ విప్పి ఆ మూతికి లారీ ట్యూబు ముక్కలు అడ్డం పెట్టి బిగించండి. పిస్టన్‌ను పూర్తిగా కిందికి తేవడం మర్చిపోవద్దు. పైన ఉంటే గాలి కింది గదికి చేరదు, సీలు బాగుందని మోసపోతారు.

ఇప్పుడు మీటరులో ముల్లు 250 చేరేదాకా బల్బుతో గాలి కొట్టి ఆపండి. ముల్లు కదలకుండా నిలబడితే ఇంజిన్ బాగుంది. నిమిషానికి 50 కంటే ఎక్కువ పడిపోతుంటే ఎక్కడో కారుతోంది. ముందు మీరు పెట్టిన ట్యూబు ముక్కలు, ఎం-సీల్ దగ్గర సబ్బు నీళ్లు రాయండి, తర్వాత హెడ్డు, బోరు అడుగు, ఆఖరికి మాగ్నెట్ తీసి సీలు చుట్టూ. బుడగ ఎక్కడ లేస్తే అక్కడే. పంక్చర్ షాపు కంప్రెసర్‌తో మాత్రం కొట్టకండి, బాగున్న సీలు కూడా ఊడి వస్తుంది.

కొన్ని బళ్లలో మాగ్నెట్ తీస్తే సీలు ఎదురుగానే ఉంటుంది, కొన్నిటికి ఇంజిన్ కేసు రెండుగా విడదీయాలి. మాగ్నెట్‌ను పుల్లర్‌తోనే తీయండి. కొత్త సీలులో స్ప్రింగ్ కనిపించే వైపు క్రాంకు గది వైపు ఉండాలి. దాని అంచుకు కొంచెం ఆయిల్ రాయండి. క్రాంకు మీద కీ కూర్చునే గాడి అంచు బ్లేడులా ఉంటుంది. దానికి ఒక చుట్టు సెల్లో టేపు వేసి ఆ పైనుంచి సీలు జారించండి. టేపు లేకుండా తోసేస్తే కొత్త సీలు అక్కడే తెగుతుంది, మీరు మళ్లీ మొదటికొస్తారు. పిస్టన్ కిట్ ధరతో పోలిస్తే సీలు ధర ఏ మూలకూ రాదు కాబట్టి బోరు విప్పిన ప్రతిసారీ రెండు వైపులా మార్చేయడం నా అలవాటు.

పొగ ఆగడం లేదు

బిగించేటప్పుడు రాసిన ఆయిల్ వల్ల మొదటి పది, పదిహేను నిమిషాలు పొగ మామూలే. ఆ తర్వాత కూడా తెల్లగా గుప్పుమంటూ, గేర్ ఆయిల్ మట్టం తగ్గుతూ ఉంటే ఈసారి గేర్లు, క్లచ్ వైపు సీలు పోయింది. అక్కడ గాలికి బదులు గేర్ ఆయిల్ లోపలికి వెళ్లి కాలుతుంది, ప్లగ్గు కూడా నల్లగా తడుస్తుంది. గేర్ ఆయిల్ తగ్గకపోతే మీరు పెట్రోల్లో కలిపే 2టీ ఆయిల్ చేతికొచ్చినంత పోస్తున్నారు. లీటరుకు 20 మిల్లీలీటర్లంటే 1:50. మీ బండి పుస్తకంలో ఎంతుంటే అంతే పోయండి.

సీలు బాగానే ఉంది, అయినా ఘాట్‌లో పట్టేసింది

కొత్త బోరుతో ఇద్దరెక్కి, మధ్యాహ్నం ఎండలో భాకరాపేట ఘాట్ ఎక్కించారా? మొదటి 500 కిలోమీటర్లు బరువులు, ఎత్తులు, నిండు యాక్సిలేటర్ వద్దు. మొదటిసారి వేడెక్కి పూర్తిగా చల్లారాక హెడ్డు నట్లు ఎదురెదురుగా ఇంకోసారి బిగించండి.

మిగతావి

లోపల టకటకమంటుంటే పిస్టన్ పిన్ను దగ్గరి చిన్న బేరింగ్ చూడండి. పిస్టన్‌ను క్రాంకుకు కలిపే కనెక్టింగ్ రాడ్డు పైకీ కిందికీ ఆడుతుంటే అది ఇంటి పని కాదు, క్రాంకును ప్రెస్ ఉన్న చోటికి పంపాలి. కాయిల్ పోవడం, సీడీఐ (మంట సమయానికి వచ్చేలా చూసే ఎలక్ట్రానిక్ డబ్బా) పోవడం ఉంటాయి గానీ, బోరు పని చేసిన మర్నాడే అవి పోవడం అరుదు. కేసు పగలడం ఇంకా అరుదు. ఆ అనుమానమే ఉంటే పైన చెప్పిన సబ్బు నీళ్లు కేసు మీద కూడా రాయండి, పగులున్న చోట గీత పొడవునా బుడగలు లేస్తాయి.