మ్యాప్‌లో నిండుగా ఉంది, ఫోన్లో ఒక్క గీతే

వేరే నెట్‌వర్క్‌కి పోర్ట్ అయ్యే ముందు కవరేజ్ మ్యాప్ ఒక్కటే చూసి ఊరుకోకండి. మీ ఫోన్ ఏ బ్యాండ్లు (సిగ్నల్ వచ్చే రేడియో తరంగాల శ్రేణులు, ఒక్కోదానికి ఒక నంబర్) పడుతుందో కూడా చూసుకోండి. ఒకసారి మారితే 90 రోజుల దాకా మళ్లీ పోర్ట్ కాలేం.

మా బావమరిది అమెరికా నుంచి వస్తూ నాకో ఫోన్ తెచ్చాడు. మల్కాజిగిరిలో మా వీధంతా మ్యాప్‌లో ముదురు రంగే. ఇంట్లో మాత్రం ఒక్క గీత, అదీ వంటింటి కిటికీ దగ్గర నిలబడితేనే. అదే సిమ్ మా ఆవిడ పాత ఫోన్లో వేస్తే నాలుగు గీతలు! వారం రోజులు కంపెనీని ఊరికే తిట్టుకున్నాను. తీరా చూస్తే ఆ మోడల్లో 3, 40 బ్యాండ్లు లేవు. మన దగ్గర 4జీ ఎక్కువగా నడిచేది వాటి మీదే.

సెట్టింగ్స్‌లో అబౌట్ ఫోన్‌లోకి వెళ్లి మోడల్ నంబర్ రాసుకోండి, తయారీ కంపెనీ సైట్లో దాన్నే వెతకండి. పేరు ఒకటే అయినా దేశాన్ని బట్టి మోడల్ మారుతుంది. 4జీకి 3, 5, 8, 40, 5జీకి ఎన్28, ఎన్78 ఉన్నాయా చూడండి. జియోకి 2జీ, 3జీ లేవు కాబట్టి ఆ ఫోన్లో వోల్టీ (4జీ మీదే కాల్స్ నడిపే పద్ధతి) పనిచేయకపోతే మామూలు కాల్స్ కూడా వెళ్లవు.

మ్యాప్ రంగులు చాలావరకు ఆరుబయటి లెక్క. సెల్లార్ పార్కింగ్‌కి అవి వర్తించవు. అందుకే పక్కింటివాళ్ల దగ్గర మీరు మారబోయే నెట్‌వర్క్ సిమ్ ఉంటే పది నిమిషాలు అడిగి మీ ఫోన్లో వేసి, పడకగదిలోంచి ఒక కాల్ చేసి చూడండి.