రియల్ ఎస్టేట్ కంపెనీ వర్కింగ్ క్యాపిటల్ ఎటు పోతోందో ఇలా చూడండి

ముందు కనీసం 5 ఏళ్ల బ్యాలెన్స్ షీట్లు పక్కపక్కన పెట్టుకోండి, ఒక్క ఏడాది అంకె చూసి ఏమీ తేల్చలేం. కరెంట్ ఆస్తుల్లోంచి (సాధారణంగా ఏడాదిలోపు నగదయ్యేవి) కరెంట్ లయబిలిటీలు (ఏడాదిలోపు తీర్చాల్సినవి) తీసేస్తే నెట్ వర్కింగ్ క్యాపిటల్, అంటే రోజువారీ వ్యాపారంలో ఇరుక్కున్న డబ్బు వస్తుంది, కానీ నగదునీ స్వల్పకాలిక రుణాలనీ పక్కన పెట్టి లెక్కేస్తేనే వ్యాపారం అసలు తీరు కనిపిస్తుంది.

బిల్డర్ల దగ్గర ఇన్వెంటరీయే (అమ్మకానికి ఉంచిన సరుకే) ముఖ్యం. స్థలాలు, కడుతున్న ఫ్లాట్లు అమ్ముడవడానికి ఏళ్లు పట్టినా సాధారణంగా కరెంట్ ఆస్తుల్లోనే చూపిస్తారు, కాబట్టి అంకె పెద్దగా ఉందని మురిసిపోవద్దు. ఇన్వెంటరీ 500 నుంచి 800కి పెరిగి, కొనుగోలుదారుల అడ్వాన్సులు (ఇవి లయబిలిటీల్లో చేరతాయి) 300 దగ్గరే ఆగిపోయాయనుకోండి. మిగతావి మారకపోతే వర్కింగ్ క్యాపిటల్ 200 నుంచి 500 అయింది, అంటే ఆ 300 కంపెనీ సొంత డబ్బులోంచో అప్పులోంచో వచ్చింది. కొత్త స్థలం కొన్నందుకా, కట్టినవి అమ్ముడుపోకా? బ్యాలెన్స్ షీటుకి జతచేసే నోట్స్‌లో విడివిడిగా ఇస్తే అక్కడే తేలిపోతుంది. పూర్తయి మిగిలిన ఫ్లాట్లు ఏటేటా పెరుగుతుంటే నాకైతే టెన్షనే.

ప్రాజెక్టు అప్పగించినప్పుడే ఆదాయం చూపించే కంపెనీల్లో ఆ ఏడాది ఇన్వెంటరీ, అడ్వాన్సులు రెండూ ఒక్కసారిగా పడిపోతాయి, కంగారు పడకండి. వర్కింగ్ క్యాపిటల్ తగ్గితే మాత్రం కాంట్రాక్టర్లకి ఇవ్వాల్సిన డబ్బు ఆపి తగ్గించారేమో తప్పకుండా చూడండి.