మ్యాగజైన్ పంప్ షాట్‌గన్ మొరాయిస్తోందా? సమస్య - పరిష్కారం

ముందు మ్యాగజైన్ (తూటాలు నింపే పెట్టె) తీసి పక్కన పెట్టి, చాంబరు (పేలే ముందు తూటా కూర్చునే గది) ఖాళీగా ఉందని కంటితో చూసి, వేలితో తడిమాకే కింద చెప్పిన వాటికి చేయి వేయండి. కూర్చిన తుపాకీతో చేసే పరీక్షలన్నీ మందు లేని డమ్మీ తూటాలతోనే చేయాలి. ఈ అలవాటు లేనివారు ఇక్కడే ఆగి ముందు అది నేర్చుకోవాలి.

పంప్ షాట్‌గన్ అంటే బ్యారెల్ కింది పిడిని వెనక్కి లాగి ముందుకు తోసి తూటా ఎక్కించేది. అలాంటి రెమింగ్టన్ 870 తుపాకీ 1950లో వచ్చింది. అప్పటి నుంచి బ్యారెల్ కింద ఉండే గొట్టంలోకి ఒక్కొక్క తూటా తోసుకునే పద్ధతే నడిచింది. 2018లో 870 డీఎమ్, మాస్‌బర్గ్ 590ఎమ్ ఒకే ఏడాది రావడంతో, ఊడదీసి మార్చుకునే మ్యాగజైన్ పంప్ షాట్‌గన్లకూ మామూలు విషయమైంది. పాత తుపాకులకు కిట్లు పెట్టించుకున్నవారూ ఉన్నారు. టెక్సస్‌లో మేము వెళ్లే రేంజిలో ఇవి మొరాయించినప్పుడల్లా ఎవరో ఒకరు నా దగ్గరికి పట్టుకొస్తారు. వచ్చేటప్పటికే రోగం ఏమిటో తేల్చేసుకుని ఉంటారు: మ్యాగజైన్ నాసిరకం, స్ప్రింగు చచ్చిపోయింది, కంపెనీ మోసం చేసింది. మ్యాగజైన్‌ను ఒకసారి కిందికి లాగి చూశారా అని అడిగితే మాత్రం జవాబు ఉండదు.

పిడి ముందుకు తోశాను, బోల్టు (తూటాను తోసి చాంబరును మూసే భాగం) మూసుకుంది, మీట నొక్కితే టిక్కుమంది. చాంబరులో ఏమీ లేదు.

మ్యాగజైన్ పూర్తిగా కూర్చోలేదు. నిండా నింపిన మ్యాగజైన్‌ను మూసిన బోల్టు కింద పెట్టినప్పుడు పై తూటా బోల్టు అడుగుకు ఆనుకుంటుంది. స్ప్రింగు ఇంకాస్త నొక్కుకుంటే తప్ప గొళ్లెం పడదు. సగం పడిన గొళ్లెం కూడా పడినట్టే కనిపిస్తుంది. అరిచేతితో అడుగున గట్టిగా తట్టండి, తరువాత పట్టుకుని కిందికి లాగండి. ఊడి చేతికొస్తే మీ సమస్య అదే. ఈ రెండు సెకన్ల పని చేయక మూడు వారాలు కంపెనీతో ఉత్తరప్రత్యుత్తరాలు నడిపిన పెద్దమనిషి నాకు తెలుసు.

అది సరిగా ఉంటే తప్పు మీ చేతిది కావచ్చు. పిడిని చివరికంటా వెనక్కి లాగకపోతే బోల్టు తూటా అంచు వెనక్కి చేరదు, ఖాళీగా తిరిగొస్తుంది. గొట్టపు మ్యాగజైన్‌కు అలవాటుపడిన చేతులు మెత్తగా లాగుతాయి. ఈ తుపాకీ మెత్తదనాన్ని క్షమించదు.

తూటా పొడవు కూడా చూడండి. పెట్టె మీద రాసే రెండుముప్పావు అంగుళాలు, మూడు అంగుళాలు అనేవి పేల్చి, తూటా మూతి మడత విప్పుకున్నాక ఉండే పొడవులు. పేల్చని తూటా అంతకంటే పొట్టిగానే ఉంటుంది. అందుకే మ్యాగజైన్‌లో పట్టేసింది కాబట్టి సరిపోతుందనుకోవద్దు. బ్యారెల్ మీద చెక్కిన కొలతా, మ్యాగజైన్ మీద రాసిన కొలతా రెండూ ఒప్పుకోవాలి. ఒకటిముప్పావు అంగుళాల పొట్టి తూటాలు వీటికి పనికిరావు.

బోల్టు సగంలో ఆగింది, రెండు తూటాలు కలిసి రావాలని చూస్తున్నాయి.

షాట్‌గన్ తూటా అడుగున అంచు బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది. పై తూటా అంచు కింది తూటా అంచుకు వెనక పడితే, బోల్టు తోసినప్పుడు ఒకదాన్ని ఒకటి పట్టుకుని కూర్చుంటాయి. కొత్తగా పెట్టే ప్రతి తూటా అంచు దాని కిందిదాని కంటే ముందుండేలా నింపాలి. పక్కవారితో కబుర్లాడుతూ నింపినప్పుడే ఇది తప్పుతుంది. తీసి మళ్లీ నింపండి.

రేంజిలో బాగా నడుస్తుంది. చాలాకాలం నింపి ఉంచిన మ్యాగజైన్ పెడితే మొదటి రెండు తూటాలకే బోల్టు మూసుకోదు.

ఇక్కడ కాస్త ఆగి చదవండి. నన్ను ఒక వేసవి అంతా ఏడిపించింది ఇదే.

నా దగ్గర నాలుగు మ్యాగజైన్లు ఉండేవి. వసంతంలో నింపి, సంచిలో పెట్టి, కారు డిక్కీలో పడేశాను. ఆగస్టులో రేంజికి వెళ్లి మొదటిది పెట్టి పిడి తోస్తే, బోల్టు ఇంకో రెండు మూడు మిల్లీమీటర్లు ఉందనగా ఆగిపోయింది. బలంగా తోస్తే మూసుకుంది. పేలాక ఖాళీ తూటా బాగానే బయటికి వచ్చింది. రెండోదీ అంతే. ఆ తరువాతివి కొన్ని గొణుగుతూ ఎక్కాయి, కొన్ని ఏ గొడవా లేకుండా ఎక్కాయి. అన్నీ అయిపోయాక పెట్టె విప్పి అదే మ్యాగజైన్‌లో కొత్త తూటాలు నింపితే వెన్నలా నడిచింది. నేను ఏమనుకుంటాను? చాంబరులో మురికి అనుకున్నాను, తోమాను. ఖాళీ తూటాను బయటికి లాగే కొక్కెం, ఎక్స్‌ట్రాక్టర్ అనుకున్నాను, మార్చాను. చివరికి మ్యాగజైన్లే చెడ్డవని రెండు కొత్తవి కొన్నాను. కొత్తవి కొన్నరోజు చక్కగా నడిచాయి. నిర్ధారణ అయిపోయిందని సంబరపడ్డాను. నెలన్నర తరువాత అవీ అదే పాట పాడాయి.

తప్పు మ్యాగజైన్‌ది కాదు, తూటాలది. షాట్‌గన్ తూటా ఒళ్లంతా పలచని ప్లాస్టిక్ గొట్టం, చాలావాటిలో పాలీఎథిలీన్. అడుగున మాత్రమే లోహం. పాలీఎథిలీన్‌కు ఒక గుణం ఉంది: ఎడతెగకుండా ఒత్తితే, ఆ ఒత్తిడి చిన్నదే అయినా, నెమ్మదిగా రూపు మార్చుకుంటుంది. వేడి తగిలితే ఇంకా త్వరగా మారుతుంది. గొట్టపు మ్యాగజైన్‌లో స్ప్రింగు తూటాలను నిలువునా నెడుతుంది. అక్కడ అడుగు లోహం, ముందు మడత ఆ బరువును మోస్తాయి. మహా అయితే మడత కాస్త ఉబ్బుతుంది. పెట్టె మ్యాగజైన్‌లో స్ప్రింగు తూటా పక్కటెముకల మీద కూర్చుంటుంది. పై తూటాను మ్యాగజైన్ నోటి దగ్గరి రెండు సన్నని పెదవుల మీదికి నొక్కి పట్టి ఉంచుతుంది. నెలల తరబడి డిక్కీలో ఉడికిన ఆ గుండ్రటి గొట్టం కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది. చాంబరు గుండ్రటిది, అది కోలగా ఉన్నదాన్ని మింగదు.

తాజాగా నింపి పేల్చేవారికి ఇది ఎన్నటికీ కనిపించదు, కాబట్టి రేంజిలో ఎన్ని వందలు పేల్చినా తుపాకీ నిర్దోషి. ఇంట్లో రక్షణ కోసం నింపి ఉంచుకున్న మ్యాగజైన్‌లో ఈ లోపం అవసరమైన రాత్రి మాత్రమే బయటపడుతుంది. అందుకే ఇంత పొడవుగా చెబుతున్నాను.

పరీక్ష తేలిక. చాలాకాలం నింపి ఉంచిన మ్యాగజైన్ ఖాళీ చేసి, తూటాలను వచ్చిన వరుసలోనే పేర్చండి. పైదాని మీద పెదవుల గీతలు రెండు కనిపిస్తాయి. అద్దం బల్ల మీద దొర్లించండి, కోలగా ఉన్నది కుంటుతుంది. అనుమానం తీరకపోతే తుపాకీ నుంచి బ్యారెల్ విడదీసి, చాంబరు పైకి ఉండేలా పట్టుకుని తూటాను వదలండి. తన బరువుతో తానే అంచు దాకా దిగి, తలకిందులు చేస్తే జారి చేతిలో పడాలి. వేలితో నొక్కాల్సి వస్తే అది పనికిరాదు. ఈ పరీక్షలన్నిటికీ డమ్మీలు చాలవు, అసలు తూటాలే కావాలి. కాబట్టి విడదీసిన బ్యారెల్‌తోనే చేయండి, కూర్చిన తుపాకీతో వద్దు.

నివారణకు నేను చేసేవి మూడు. పదింటి మ్యాగజైన్‌లో ఎనిమిదే నింపుతాను. నెలకొకసారి పాతవి రేంజిలో పేల్చేసి కొత్తవి పెడతాను. డిక్కీలో, గ్యారేజీలో నింపిన మ్యాగజైన్ ఉంచను. కోలబడిన తూటాను వేడి చేసి గుండ్రంగా చేసుకోవచ్చని ఒకరు సలహా ఇచ్చారు. లోపల మందు ఉందన్న సంగతి ఆయనకు గుర్తులేదు కాబోలు.

అన్నట్టు, నింపి ఉంచితే స్ప్రింగు చచ్చిపోతుందనే భయం పెట్టుకోకండి. మంచి స్ప్రింగును అలిసేలా చేసేది పదేపదే నొక్కి వదలడమే, నొక్కి ఉంచడం కాదు.

మ్యాగజైన్‌కు నంబరు వేయలేదా?

తెల్ల పెయింటుతో 1, 2, 3 అని రాయండి. తప్పు ఒకే నంబరుతో తిరుగుతుంటే ఆ మ్యాగజైన్‌ను చూడాలి, అన్నిటితో వస్తే తుపాకీని.

ఉక్కు పెదవులు కిందపడితే వంగుతాయి, వంపు కంటికి కనిపిస్తుంది. పాలిమర్ పెదవులు కిందపడితే మూల దగ్గర వెంట్రుకవాసి పగులు ఇస్తాయి. టార్చి వెలుగులో గోరుతో గీస్తేనే తెలుస్తుంది. లేదా ఏ దెబ్బా లేకుండా, తూటా లాగే, ఒత్తిడికి నెమ్మదిగా విచ్చుకుంటాయి. అప్పుడు పై తూటా మూతి అతిగా పైకి లేస్తుంది, లేదంటే చేయి తగిలితే ఊడి బయటికి దూకుతుంది. పాలిమర్ ఒంటికి ఉక్కు పెదవులు దిగ్గొట్టిన మ్యాగజైన్లు ఈ రెండు బాధల మధ్యా మంచి రాజీ. నా డబ్బు నేను వాటి మీదే పెడతాను. గొళ్లెం పట్టే గాటు కూడా పాలిమర్‌దే అయితే, అరిగి గుండ్రమై, మ్యాగజైన్ ఒక మిల్లీమీటరు కిందికి జారుతుంది. బోల్టు తూటా అంచు మీదుగా జారిపోతుంది. మొదట చెప్పిన ఖాళీ టిక్కు మళ్లీ వస్తుంది, ఈసారి ఎంత తట్టినా పోదు. ఆకురాయితో సరిచేసే పని కాదిది, మార్చండి.

ఇంట్లో 3డీ ప్రింటర్‌తో చేసిన మ్యాగజైన్లు నా దగ్గరికి తేవద్దు. వాటికి వాడే పీఎల్ఏ ప్లాస్టిక్ 60 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మెత్తబడుతుంది. ఎండలో ఆపిన కారు ఆ వేడిని తేలిగ్గా చేరుకుంటుంది.

మార్చేటప్పుడు రాష్ట్రం చూసుకోండి. 590ఎమ్‌కు 5 నుంచి 20 తూటాల దాకా పట్టేవి వస్తాయి, కాలిఫోర్నియాలో 10 దాటినవి అమ్మకూడదు.

మిగతావి

నిండుగా ఉన్నప్పుడు మ్యాగజైన్ ఊడిరాకపోతే గోడలు ఉబ్బాయి, రెండు తూటాలు తగ్గించండి. పేల్చిన తూటా చాంబరులో ఇరుక్కుంటే చవక రకం ఉక్కు అడుగు తూటాలు వాడుతున్నారేమో చూడండి, ఇత్తడివి వేసి చూడండి. విరిగిన ఎక్స్‌ట్రాక్టర్, వంగిన రిసీవర్ (తుపాకీ మధ్య చట్రం) వంటివి ఇన్నేళ్లలో వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే చూశాను. కిట్ పెట్టించిన పాత తుపాకీ ఏ మ్యాగజైన్‌తోనూ నడవకపోతే బిగించినవారికే తిరిగి ఇవ్వండి, మీరు అరగదీయకండి. పరీక్ష కోసం విడదీసిన బ్యారెల్‌ను తిరిగి పెట్టాక, దాన్ని పట్టి ఉంచే ముందువైపు మూతను చివరికంటా బిగించండి. పోయిన నెల ఒకరు అది మరిచిపోయి, బ్యారెల్ ఊగుతోందంటూ నాకే ఫోను చేశారు.