ప్రజారోగ్య కార్యక్రమాల మూల్యాంకనం, ఐదో పాఠం: హారం ముందు, లవం తర్వాత

ఈ పాఠంలో సమాచార సేకరణ పద్ధతులను మొదలుపెట్టాల్సి ఉంది. గత పాఠం చివర ఇచ్చిన అభ్యాసానికి వచ్చిన జవాబులు చూశాక ఆ పనిని వాయిదా వేస్తున్నాను. మలేరియా నివారణకు దోమతెరలు పంచే కార్యక్రమానికి లాజిక్ మోడల్, అంటే కార్యక్రమం వనరుల నుంచి ఫలితాల దాకా ఎలా సాగుతుందో గడుల్లో చూపే పటం, గీసి, అందులోని ప్రతి గడికీ దాన్ని కొలిచే ఒక సూచిక రాయమన్నాను. గడులు చాలామంది చక్కగానే గీశారు. సూచికల దగ్గరికి వచ్చేసరికి రెండు చోట్ల తడబడ్డారు. అవుట్‌పుట్‌ను తీసుకెళ్లి అవుట్‌కమ్ గడిలో పెట్టారు. శాతం అని రాసి, ఎవరిలో శాతమో రాయలేదు. మొదటిది కాస్త వివరిస్తే సర్దుకుంటుంది. రెండోదాన్ని ఇలాగే వదిలేస్తే ఇకముందు మీరు సేకరించే సమాచారమంతా అక్కరకు రాకుండా పోతుంది కనుక, పాఠంలో ఎక్కువ భాగం దానికే కేటాయిస్తున్నాను.

మొదటిదానికి నేను వాడే పరీక్ష ఒక్కటే. కార్యక్రమ సిబ్బంది తమంతట తాము పూర్తి చేయగలిగినది అవుట్‌పుట్. ప్రజల ప్రవర్తనలోనో, శరీరంలోనో, జీవన పరిస్థితుల్లోనో మార్పు వస్తే తప్ప సాధ్యం కానిది అవుట్‌కమ్. పంచిన దోమతెరల సంఖ్య, శిక్షణ పొందిన కార్యకర్తల సంఖ్య, జరిపిన సమావేశాల సంఖ్య ఎంత పెరిగినా అవుట్‌పుట్‌లే. నిన్న రాత్రి తెర కింద నిద్రపోయినవారి శాతం అవుట్‌కమ్. ఈ రెంటికీ మధ్య మీలో చాలామంది వదిలేసిన మెట్లున్నాయి. మలేరియా సర్వేలలో కనీసం ఒక తెర ఉన్న కుటుంబాల శాతాన్ని విడిగా కొలుస్తారు. ఒక తెర కింద ఇద్దరు పడుకోగలరన్న లెక్కన, ఇంట్లో ఉన్న తెరలు ఎంతమందికి సరిపోతాయో విడిగా కొలుస్తారు. నిజంగా ఎంతమంది వాటి కింద పడుకున్నారో మళ్లీ విడిగా కొలుస్తారు. ఉదాహరణకు నూటికి 60 మందికి సరిపడా తెరలున్నచోట 54 మంది వాడుతున్నారనుకుందాం. అక్కడ లోటు ప్రధానంగా సరఫరాలో ఉంది; ఇంకా తెరలు పంపాలి. అదే 60 మందికి సరిపడా ఉన్నచోట 30 మందే వాడుతుంటే, ఎన్ని తెరలు పంపినా ప్రయోజనం అంతంతమాత్రమే. ఎందుకు వాడటం లేదో ఆ ఇళ్లకు వెళ్లి అడగాలి. ఈ రెండు చోట్లా తీసుకోవలసిన నిర్ణయాలు పూర్తిగా వేరు. కనీసం ఒక తెర ఉన్న ఇళ్ల శాతం మాత్రం రెండు చోట్లా ఒకేలా ఉండవచ్చు.

అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం, సీడీసీ, 1999లో ప్రచురించిన మూల్యాంకన చట్రంలోని ఆరు దశలను మొదటి పాఠంలోనే చూశాం. భాగస్వాములను కలుపుకోవడం, కార్యక్రమాన్ని వర్ణించడం మీకు తెలిసినవే కనుక మళ్లీ ఎత్తుకోను. మూడో దశ, అంటే మూల్యాంకనం ఏ ప్రశ్నకు జవాబు వెతుకుతోందో తేల్చుకునే దశ, కాగితం మీద పూర్తయినట్టు కనిపించినా హారం రాసేదాకా పూర్తి కాదని నా అభిప్రాయం. ఎందుకంటే మీరు ఏ ప్రశ్న అడిగారో చెప్పేది ప్రశ్నలోని వాక్యం కాదు, సూచికలోని హారం.

క్షయ చికిత్సను తీసుకుందాం. ఒక ఏడాదిలో 200 మంది చికిత్స మొదలుపెట్టారనుకోండి. వారిలో 150 మందికి నయమైంది లేదా చికిత్స పూర్తయింది. 8 మంది మరణించారు. 12 మందిలో చికిత్స విఫలమైంది. 20 మంది మధ్యలో మానేసి కనిపించకుండా పోయారు. 10 మంది ఏమయ్యారో నమోదు కాలేదు. విజయవంతమైన చికిత్స ఎంత శాతం? చికిత్స మొదలుపెట్టిన 200 మందినీ హారంగా తీసుకుంటే 75 శాతం. కనిపించకుండా పోయిన 20 మందినీ, వివరం తెలియని 10 మందినీ పక్కన పెట్టి 170తో భాగిస్తే 88 శాతం. ఈ రెండో అంకె నివేదికలో ఎంత ఆకర్షణీయంగా ఉంటుందో చెప్పనక్కర్లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పద్ధతిలో ఫలితం తెలియని రోగులు కూడా హారంలోనే ఉంటారు. అలా ఉంచడానికి బలమైన కారణం ఉంది. చికిత్స మధ్యలో మానేసిన రోగి ఇంకా జబ్బుతోనే ఉండి ఇతరులకు అంటించవచ్చు, మందులకు లొంగని క్షయ బారిన పడవచ్చు. అందరికంటే ఎక్కువగా కార్యక్రమం పట్టించుకోవలసిన మనిషినే లెక్క నుంచి తీసేస్తే ఆ లెక్క కార్యక్రమాన్ని మోసగిస్తుంది.

ఇక్కడితో ఆగకండి. ఆ ఏడాది పరీక్షల్లో క్షయ తేలినవారు 260 మంది అనుకుంటే, చికిత్స దాకా రానివారు 60 మంది. 150ని 260తో భాగిస్తే 58 శాతం కూడా రాదు. పరీక్షకే రాని రోగులను అంచనా వేసి హారంలో కలిపితే అంకె ఇంకా దిగిపోతుంది. వీటిలో ఏదీ అబద్ధం కాదు. 170తో భాగించినప్పుడు, చివరిదాకా తెలిసిన రోగుల విషయంలో చికిత్స ఎలా పనిచేసిందో తెలుస్తుంది. 200తో భాగిస్తే, చికిత్స కేంద్రం తన రోగులను ఎంతవరకు నిలుపుకోగలిగిందో తెలుస్తుంది. 260తో భాగిస్తే, రోగనిర్ధారణకూ చికిత్సకూ మధ్య ఎంతమంది జారిపోతున్నారో బయటపడుతుంది. మీ నిర్ణయాధికారి ఈ మూడింటిలో ఏది అడుగుతున్నారో ముందే తేల్చుకోకుండా అంకె చెబితే, అడిగినది ఒకటి, మీరు చెప్పేది మరొకటి అవుతుంది.

టీకాల లెక్కలో ఇబ్బంది మరో వైపు నుంచి వస్తుంది. కేంద్రాల నుంచి అందే నివేదికల్లో, వేసిన డోసుల సంఖ్యను ఆ ప్రాంతంలో ఉంటారని అంచనా వేసిన పిల్లల సంఖ్యతో భాగిస్తారు. ఆ అంచనా పాత జనగణన మీద ఆధారపడినదైతే, కొత్తగా వలస వచ్చినవారు అందులో ఉండరు. పక్క ప్రాంతం నుంచి వచ్చి టీకా వేయించుకున్న పిల్లలు లవంలో చేరతారు, హారంలో చేరరు. వయసు దాటిన పిల్లలకు వేసిన డోసులను కూడా కలిపేస్తే లవం ఇంకా ఉబ్బుతుంది. అందుకే కొన్ని చోట్ల కవరేజి, అంటే టీకా అందిన పిల్లల శాతం, 100 దాటుతుంది. అలా దాటినప్పుడు దాన్ని 100కు కత్తిరించి రాయడం నాకు ఏ మాత్రం మింగుడుపడదు. 112 అన్న అంకె, హారంలో లోపం ఉందని మీకు చెబుతున్న ఏకైక ఆధారం. దాన్ని 100 చేసేస్తే ఆ ఆధారం పోతుంది, లోపం మాత్రం అలాగే ఉంటుంది. అదే లోపం వల్ల 80 దగ్గర ఉన్న పక్క ప్రాంతపు అంకె కూడా నమ్మదగినది కాకపోవచ్చని ఎవరికీ తట్టదు. దయచేసి కత్తిరించకండి. అంకెను ఉన్నదున్నట్టు రాసి, దాని పక్కన హారం ఎక్కడి నుంచి వచ్చిందో రాయండి.

హారం పెరగడం వల్ల శాతం తగ్గే సందర్భం కూడా ఉంది. గర్భిణుల నమోదును మెరుగుపరిచిన కార్యక్రమాన్ని ఊహించుకోండి. మొదటి ఏడాది నమోదైన 400 మందిలో 320 మందికి ఐరన్ మాత్రలు పూర్తిగా అందాయి, అంటే 80 శాతం. రెండో ఏడాది నమోదు 600కు పెరిగి 420 మందికి అందాయి, అంటే 70 శాతం. శాతం పది పాయింట్లు పడిపోయిందని కార్యక్రమాన్ని తప్పుపడితే అన్యాయం చేసినట్టే. మాత్రలు అందినవారు వందమంది పెరిగారు. అంతకుముందు ఎవరి లెక్కలోనూ లేని స్త్రీలు ఇప్పుడు లెక్కలోకి వచ్చారు. ఇలాంటి చోట నమోదైనవారికి బదులు ఆ ప్రాంతంలోని గర్భిణులందరి అంచనాను రెండేళ్లకూ హారంగా పెట్టడం మేలు.

ఈ పద్ధతికి మంచి పునాది తనహాషి 1978లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో రాసిన వ్యాసంలో ఉంది. సేవ అందుబాటులో ఉండటం, చేరుకోగలగడం, ప్రజలకు ఆమోదయోగ్యం కావడం, వారు నిజంగా వచ్చి వాడుకోవడం, ఆ వాడకం ఫలించడం అని కవరేజిని ఆయన ఐదు మెట్లుగా విడదీశారు. ఐదింటికీ హారం ఒక్కటే, సేవ అవసరమైన జనాభా మొత్తం. చివరి మెట్టు ఎందుకు ముఖ్యమో తట్టు టీకాతో తెలుస్తుంది. తొమ్మిదో నెలలో వేసే ఒక్క డోసు నూటికి సుమారు 85 మంది పిల్లలకే రక్షణ ఇస్తుంది కాబట్టి, 90 శాతం పిల్లలకు అది అందినా రక్షణ పొందినవారు సుమారు 76 శాతమే. రెండో డోసు ఎందుకు అవసరమో ఈ అంకెతో అధికారులకు వివరించడం తేలిక.

నా అలవాటు ఒకటి మీకూ సూచిస్తున్నాను. సూచిక రాసేటప్పుడు కాగితం కింది భాగంలో ముందు హారం రాస్తాను. ఎవరు, ఎక్కడ, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఎవరిని మినహాయించాం, ఆ సంఖ్య ఏ రికార్డు నుంచి వచ్చింది అన్నవన్నీ నిండాకే పైన గీత గీసి లవం రాస్తాను. హారంలో లేని మనిషి లవంలో ఉండకూడదన్న నియమాన్ని ఈ క్రమం దానంతటదే కాపాడుతుంది.

పోలిక సమూహం, అంటే కార్యక్రమం అందనివారిని పక్కన పెట్టి పోల్చే సమూహం, గురించి కొందరు అడిగారు. దానికి ప్రత్యేకంగా ఒక పాఠం వస్తుంది కాబట్టి ఇప్పటికి ఒక్క హెచ్చరిక చాలు. కేసులు అత్యధికంగా నమోదైన ఏడాదిని చూసి ప్రాంతాలను ఎంచుకుంటే, మరుసటి ఏడాది ఏమీ చేయకపోయినా అక్కడ కేసులు సగటు వైపు తగ్గే అవకాశం ఎక్కువ. ఆ తగ్గుదలను కార్యక్రమం ఖాతాలో వేయకండి.

అభ్యాసం ఈసారి రెండు భాగాలు. బహిరంగంగా దొరికే ఏదైనా ఆరోగ్య కార్యక్రమ వార్షిక నివేదికలోంచి ఐదు శాతాలు ఏరుకుని, ఒక్కోదానికీ హారాన్ని పైన చెప్పినట్టు పూర్తిగా రాయండి. నివేదికలో హారం దొరకకపోతే దొరకలేదని రాయండి, ఊహించకండి. ఆ ఐదింటిలో ఒకదానికి ఇంకో రెండు హారాలు ప్రతిపాదించి, ఒక్కోటీ ఏ ప్రశ్నకు జవాబో ఒక్కో వాక్యంలో చెప్పండి.

రెండో భాగం లెక్క. టీకా కవరేజి సర్వేలకు చాలాకాలం వాడిన 30 క్లస్టర్ల (ఊరో వార్డో లాంటి జనసమూహాల) పద్ధతిలో క్లస్టర్‌కు 7 గురు చొప్పున 210 మంది పిల్లలు ఉండేవారు. కవరేజి 50 శాతం అనుకుని, 95 శాతం విశ్వాసంతో, పది పాయింట్ల అటూఇటూ తేడాను అనుమతిస్తే సాధారణ యాదృచ్ఛిక నమూనాకు సుమారు 96 మంది చాలు. ఒకే క్లస్టర్‌లోని పిల్లలు ఒకరినొకరు పోలి ఉంటారు కనుక దాన్ని రెట్టింపు చేస్తే 192 అవుతుంది. 30 క్లస్టర్లకు సమంగా సర్దితే 210 వస్తుంది. ఇప్పుడు అనుమతించే తేడాను ఐదు పాయింట్లకు తగ్గించి, క్లస్టర్లను 30గానే ఉంచి, ఒక్కో క్లస్టర్‌లో ఎంతమంది కావాలో కట్టండి. తర్వాత క్లస్టర్లను 60 చేస్తే ఏమవుతుందో కట్టి, సర్వే బృందం ప్రయాణ ఖర్చునూ అంచనాలోని కచ్చితత్వాన్నీ దృష్టిలో పెట్టుకుని రెంటిలో దేన్ని ఎంచుకుంటారో కారణంతో రాయండి. ఈ లెక్కలు చేసి ఉన్నవారికే తరువాతి పాఠంలోని నమూనా ఎంపిక అర్థమవుతుంది, కాబట్టి దీన్ని దాటవేయకండి.