స్టడీ లీవు మీద ట్యాక్స్ లా: దరఖాస్తు ఎలా పెట్టాలి, ఫైలు ఎక్కడ ఆగుతుంది

మా పక్క సెక్షన్‌లో ఒకాయనకి క్లాట్ పీజీలో, అంటే లాలో పీజీ కోర్సయిన ఎల్‌ఎల్‌ఎం ప్రవేశ పరీక్షలో, మంచి ర్యాంకొచ్చింది. సీటు తీసుకుని, మొదటి విడత ఫీజు కట్టేశాక తీరిగ్గా స్టడీ లీవుకి పెట్టుకున్నారు. ఫైలు మూడుసార్లు వెనక్కొచ్చింది. ఈలోగా క్లాసులు మొదలైపోయాయి, కట్టిన డబ్బు పోయింది. ఆయనకి అర్హత ఉంది. దెబ్బతిన్నది దరఖాస్తులోని ఒక్క పేరా దగ్గర. ఆ పేరా కోసమే ఇది రాస్తున్నాను.

ఇక్కడ చెప్పేది కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల సంగతి. పాలసీ నోట్లు, కేబినెట్ నోట్ల ముసాయిదాలు రాసే సీట్లలో ఉండి, పన్నుల చట్టం లోతుగా చదవాలనుకునేవాళ్ల కోసం. ఆధారం 1972 సీసీఎస్ (సెంట్రల్ సివిల్ సర్వీసెస్) లీవ్ రూల్స్‌లో 50 నుంచి 63 దాకా ఉన్న రూల్స్. రాష్ట్ర ఉద్యోగుల నిబంధనలు వేరు, వాళ్లు వాళ్ల రూల్స్ చూసుకోవాలి.

అర్హత సంగతి త్వరగా చెప్పేస్తాను. ప్రొబేషన్ పూర్తయి, దానితో కలిపి అయిదేళ్ల రెగ్యులర్ సర్వీసు ఉండాలి. చదువు ముగించి తిరిగొచ్చాక రిటైర్మెంటుకి కనీసం మూడేళ్లు మిగలాలి. మామూలుగా ఒక విడతకి 12 నెలలు, సర్వీసు మొత్తంలో 24 నెలలు ఇస్తారు. ఇది మీ లీవు అకౌంటులోంచి తగ్గదు.

ఈ లెక్కలోనే ఒక మెలిక ఉంది. ఏడాది ఎల్‌ఎల్‌ఎం 12 నెలల్లో సరిగ్గా సరిపోతుంది. శామీర్‌పేటలోని నల్సార్ లా వర్సిటీలోనూ, విశాఖ దగ్గర సబ్బవరంలోని దామోదరం సంజీవయ్య వర్సిటీలోనూ ఉన్నది అదే. కానీ ఎల్‌ఎల్‌ఎంకి ముందు ఎల్‌ఎల్‌బీ ఉండాలి. అది మూడేళ్లు, 24 నెలల్లో పట్టదు. సరిగ్గా ఈ సందులోకే, ఉద్యోగం చేస్తూనే ఎల్‌ఎల్‌బీ చేయిస్తామంటూ కన్సల్టెంట్లు దూరతారు. ‘సార్, మీరు కాలేజీకి రానక్కర్లేదు, అటెండెన్స్ మేం చూసుకుంటాం’ అని ఫోన్లు చేస్తారు. బార్ కౌన్సిల్ 2008 నిబంధనల ప్రకారం క్లాసులు ఉదయం 8 నుంచి సాయంత్రం 7 లోపే జరగాలి, ప్రతి సబ్జెక్టులో 70 శాతం హాజరు కావాలి. మంగళవారం పదకొండింటికి ఆఫీసు బయోమెట్రిక్‌లో మీ వేలిముద్ర ఉండి, అదే గంటకి కాలేజీ రిజిస్టర్లో మీ సంతకం ఉంటే, చార్జిషీటుకి వేరే సాక్ష్యం వెతకాల్సిన పని లేదు. డబ్బు తీసుకున్నవాడు అప్పుడు ఫోనెత్తడు.

ఎల్‌ఎల్‌బీ ఉందనుకుందాం. క్లాట్ డిసెంబరు మొదట్లో ఉంటుంది, క్లాసులు జులై, ఆగస్టుల్లో మొదలవుతాయి. మధ్యలో ఉన్న ఆ ఆరేడు నెలలే మీ ఫైలుకి ఆయుష్షు. సీటు ఖాయమయ్యేదాకా ఆగకుండా ర్యాంకు రాగానే దరఖాస్తు పెట్టండి. త్రూ ప్రాపర్ చానెల్‌లోనే, అంటే పై అధికారుల ద్వారానే వెళ్లాలి. కోర్సు పేరు, పరీక్షలు, కాలం స్పష్టంగా రాయాలి. లీవు ఇవ్వొచ్చా లేదా అని అకౌంట్స్ వాళ్ల రిపోర్టు తెప్పిస్తారు. సర్వీసు రిజిస్టర్లో ఎంట్రీలు పెండింగ్ ఉంటే ముందే సరిచేయించుకోండి.

ఇప్పుడు ఆ పేరా. ‘ఈ చదువు ఎందుకు’ అన్న చోట మా పక్క సెక్షన్ ఆయన ఇలా రాశారు: ‘నా విద్యార్హతలు పెంచుకుని, వృత్తిలో ఎదగడానికి.’ నిజమే. కానీ సర్కారుకి మీ ఎదుగుదలతో పనేముంది? రూల్ 50 మూడు దారులు చూపిస్తుంది. ఒకటి, మీ విధులతో నేరుగా, దగ్గరగా సంబంధమున్న వృత్తి లేదా సాంకేతిక చదువు. రెండు, ప్రభుత్వ పాలన నేపథ్యానికి సంబంధించిన అధ్యయనం. దీనికి తిరిగొచ్చాక పూర్తి రిపోర్టు ఇవ్వాలి. మూడు, పనితో నేరుగా సంబంధం లేకపోయినా ఉద్యోగి ఆలోచనా పరిధిని పెంచే చదువు. మీరు ఏ దారో చెప్పకపోతే ఫైలు దానంతటదే మూడోదానిలో పడుతుంది. అక్కడ ఆర్థిక శాఖలోని వ్యయ విభాగాన్ని సంప్రదించి ఒక్కో కేసు విడిగా చూస్తారు. నెలలు గడిచేది అక్కడే.

పైగా ఈ చదువు వల్ల ప్రజాప్రయోజనం కచ్చితంగా ఉందని, లీవిచ్చే అధికారి సర్టిఫై చేయాలి. ఆయన సంతకం పెట్టేందుకు కావాల్సిన వాక్యాలు మీరే అందించాలి. సిలబస్ పక్కన పెట్టుకుని, మీ సీటు మీదున్న పనితో ఒక్కో పేపరూ జత చేయండి. జీఎస్టీ నోట్లు మీ దగ్గరికొస్తుంటే: ‘రాజ్యాంగంలో జీఎస్టీ కౌన్సిల్ గురించి చెప్పే 279ఏ అధికరణ, ఆ కౌన్సిల్ సిఫార్సులకు కట్టుబడాలా లేదా అన్న విషయంలో సుప్రీంకోర్టు 2022లో మోహిత్ మినరల్స్ కేసులో ఇచ్చిన తీర్పు నా సెక్షన్ నోట్లకు నేరుగా వర్తిస్తాయి.’ ప్రత్యక్ష పన్నుల వైపు ఉంటే, 1961 చట్టం స్థానంలో 2026 ఏప్రిల్ 1 నుంచి 2025 ఆదాయపు పన్ను చట్టం వచ్చింది కాబట్టి ఆ మార్పు మీ పనిని ఎలా తాకుతుందో రాయండి. విధుల కేటాయింపు ఆర్డరు కాపీ జత చేయండి. చాలామంది మర్చిపోయే కాగితం ఇదే. మీ సీటు పనేమిటో చెప్పే కాగితమే లేకుంటే ‘దగ్గరి సంబంధం’ అని రాసిన మాటకి ఆధారం ఉండదు.

పన్నుల చట్టం అకడమిక్ సబ్జెక్టు కదా అని ఎవరైనా అభ్యంతరం పెడితే కంగారు పడకండి. రూల్స్ పక్కన పెట్టింది అకడమిక్, సాహిత్య విషయాలను. ఎల్‌ఎల్‌ఎం ఇన్ టాక్సేషన్ వృత్తి సంబంధమైన చదువని కోర్సు బ్రోచర్‌లోంచే చూపించవచ్చు.

లీవు వచ్చాక బాండ్. పర్మనెంట్ ఉద్యోగులకు ఫారం 7, రూల్స్ వెనకాలే ఉంటుంది. దీన్ని ‘తయారు చేసి’ ఇస్తామని వేలు అడిగేవాళ్లకి ఇవ్వొద్దు. కానీ సంతకానికి ముందు చదవండి. తిరిగొచ్చాక మూడేళ్లలోపు రాజీనామా చేసినా, కోర్సు పూర్తి చేయకపోయినా లీవు జీతం వడ్డీతో సహా వెనక్కి కట్టాలి. కోర్సు పూర్తి చేయకపోతే అన్న ఈ రెండో షరతు చాలామంది కంటపడదు. ఇండియాలో చదివేటప్పుడు జీతం చివరిగా తీసుకున్న వేతనం ప్రకారం, డీఏ, హెచ్‌ఆర్‌ఏతో వస్తుంది. స్కాలర్‌షిప్, స్టైపెండ్, పార్ట్‌టైం ఆదాయం ఏదీ లేదని సర్టిఫికెట్ ఇస్తేనే పూర్తి జీతం అందుతుంది. వర్సిటీ ఏదైనా ఫెలోషిప్ ఇస్తానంటే ముందు ఈ లైను గుర్తుచేసుకోండి.

మా పక్క సెక్షన్ ఆయన ఈ డిసెంబరులో మళ్లీ రాశారు. విధుల ఆర్డరు జత చేసి, పేరా తిరగరాసి, ఫైలు పైకి పంపారు. ఫీజు మాత్రం ఇంకా కట్టలేదు.