ఫుల్‌స్టాపా, క్వశ్చన్ మార్కా?

రెండు, మూడు తరగతుల పిల్లలు ఇంగ్లీషు వాక్యం రాసేసి, చివర ఏ గుర్తు పెట్టాలో తెలియక ఆగిపోతుంటారు. మా పాపకి ఇది పనికొచ్చింది. పాఠంలోంచి ఐదారు వాక్యాలు గుర్తుల్లేకుండా రాసివ్వండి. చివర కాదు, మొదటి మాట చూడమనండి. వేర్, హూ, ఈజ్, కెన్, డు యూ లాంటివాటితో మొదలైతే క్వశ్చన్ మార్క్, లేదంటే ఫుల్‌స్టాప్. ఎర్ర పెన్సిల్‌తో వాళ్లే పెట్టి, పుస్తకంతో వాళ్లే సరిచూసుకోవాలి. మనం దిద్దకపోతేనే బాగా గుర్తుంటుంది.

'వెన్' దగ్గర మాత్రం జాగ్రత్త. 'వెన్ డిడ్ యూ కమ్' ప్రశ్నే, కానీ 'వెన్ ఐ కేమ్ హోమ్, ఇట్ వాజ్ రెయినింగ్' ప్రశ్న కాదు. వెన్ పక్కన డిడ్, ఈజ్, విల్ లాంటి మాట ఉందో లేదో చూడమనండి. 'వాట్ ఎ నైస్ డ్రెస్' లాంటివాటికి ఆశ్చర్యార్థకం పెట్టాలి.