ఆఫీసు ఉన్న రోజే పాతాళ భైరవి మొత్తం చూడాలంటే

దసరా అయిపోయింది, పంచుకున్న జమ్మి ఆకు పర్సులో ఎండిపోతోంది, దీపావళికి ఇంకా టైముంది, ఈ మధ్యలో మామూలు ఆఫీసు రోజులు కొన్ని వస్తాయి చూశారా, పాతాళ భైరవి లాంటి పాత జానపద సినిమా చూడ్డానికి ఏడాది మొత్తంలో ఇంతకంటే మంచి టైమ్ లేదు. ఎండ తగ్గుతుంది, ఆరింటికల్లా పొద్దు గుంకుతుంది, మార్కెట్లో పచ్చి పల్లికాయ దొరుకుతుంది. ఆదివారం చూడొచ్చు కదా అంటారు, కానీ ఆదివారం చుట్టాలు, బట్టలు, పిల్లాడి ప్రాజెక్టు వర్కు, మధ్యాహ్నం నిద్ర, వీటి మధ్య మూడు గంటలు ఒకేచోట దొరకనే దొరకవు. పని ఉన్న రోజు సాయంత్రం దొరుకుతాయి, కాకపోతే పొద్దున్నుంచే దానికి దారి చేసుకోవాలి. మొదటిసారి నేను అన్నాలు తిని, గిన్నెలు కడిగి, 9:30కి మొదలుపెట్టాను, కథానాయకుడు రాముడు గుహలోకి అడుగు పెట్టకముందే నిద్రపోయాను. అప్పట్నుంచి ఇలా చేస్తున్నాను, మూడేళ్ళుగా ఒక్కసారి కూడా మధ్యలో ఆగలేదు.

ముందు రోజు ఎంచుకోండి. నాది అకౌంట్స్ పని, నెలలో 11న జీఎస్టీఆర్ వన్, 20న త్రీబీ అనే జీఎస్టీ రిటర్నులకి ఆఖరి రోజులు, కాబట్టి ఆ తేదీలూ వాటి ముందు రెండు రోజులూ నాకు కుదరవు, అక్టోబర్ ఆఖరి వారం ఆడిట్ రిటర్నులు ఉంటాయి కాబట్టి అదీ వద్దు. 13 నుంచి 17 మధ్యలో బుధవారమో గురువారమో వస్తే అది ఖాయం చేసుకుంటాను. మీ పనిలో కూడా ఇలాంటి ఖాళీ ఒకటి ఉంటుంది, దాన్ని కనిపెట్టండి. ఆ రోజు అరగంట ముందే ఆఫీసుకి వెళ్ళి, బ్యాంక్ రికన్సిలియేషన్ లాంటి తల వాచే పని ఏదున్నా లంచ్ లోపే తేల్చేయాలి, మధ్యాహ్నానికి ఫైలింగూ మెయిల్సూ మాత్రమే మిగల్చాలి. నాలుగింటికి ఎవరైనా కొత్త పని తెస్తే "రేపు పొద్దున్నే ఇస్తాను సార్" అని చెప్పండి, చెప్పినట్టే మర్నాడు పొద్దున్నే ఇవ్వండి. ఒక్కసారి మాట నిలబెట్టుకుంటే మళ్ళీ ఏడాది ఎవరూ అడ్డు చెప్పరు.

సినిమా కూడా పొద్దున్నే వెతికి పెట్టుకోవాలి. ఇది 1951 మార్చి 15న విడుదలైంది, నిడివి మూడు గంటల పైనే, కాబట్టి యూట్యూబ్‌లో వెతికేటప్పుడు మొదట చూడాల్సింది నిడివి, మూడు గంటలకి బాగా తక్కువుంటే పాటలో సీన్లో కోసేశారని అర్థం, అది వదిలేయండి. రెండు మూడు ప్రింట్లు తెరిచి ఏదైనా రాత్రి సీన్ దగ్గర ఆపి చూడండి, మొహాలు కనిపిస్తున్నాయా లేక అంతా నల్లటి మసేనా అని. మార్కస్ బార్ట్‌లే కెమెరా పని అది, నలుపులోనే నాలుగు రకాల నలుపు ఉంటుంది, పాడైపోయిన ప్రింట్‌లో అది మొత్తం పోతుంది.

5:30కి ఆఫీసులోంచి బయటపడితే అమీర్‌పేటలో మెట్రో ఎక్కి దిల్‌సుఖ్‌నగర్‌లో దిగేసరికి ఆరు దాటుతుంది. స్టేషన్ కింద బండి దగ్గర కిలో పచ్చి పల్లికాయ తీసుకుంటాను, మట్టి అంటుకుని ఉన్నవి తీసుకోండి, బాగా కడిగి నిగనిగలాడేవి ఒక్కోసారి నానబెట్టిన పాతవి అయ్యుంటాయి. గుప్పెడు తీసి ఊపి చూడండి, లోపల గింజ గలగలమంటే ఎండిపోయిన కాయ, చప్పుడు రాకపోతే పచ్చిది. పక్కనే పాలమూరు సీతాఫలాలు గంపల్లో ఉంటాయి, కళ్ళు విచ్చుకుని మధ్యలో తెల్లగా కనిపించేవి రెండు తీసుకోండి.

ఇంటికి రాగానే కూర్చోకండి, కూర్చుంటే అయిపోయింది. పల్లికాయని మూడు నీళ్ళు మార్చి కడిగి కుక్కర్‌లో వేసి, కాయ మునిగేదాకా నీళ్ళు పోసి, కూరకి వేసేదానికంటే రెట్టింపు ఉప్పు వేసి నాలుగు విజిల్స్ రానివ్వండి. అసలు కిటుకు తర్వాత ఉంది, విజిల్స్ అయ్యాక మూత తీసి వెంటనే వంచేయొద్దు, ఆ ఉప్పునీళ్ళలోనే అరగంట వదిలేస్తేనే గింజకి ఉప్పు పడుతుంది, లేకపోతే తొక్క ఉప్పగా, గింజ చప్పగా ఉంటుంది. నేను దాన్ని అలా వదిలేసే సినిమా మొదలుపెడతాను, మొదటి పాట అయ్యాక లేచి వంచుకొస్తాను.

ఈలోపు టీవీ సంగతి. మా నాన్న మా దగ్గరే ఉంటారు, చిన్నప్పుడు ఊళ్ళో టూరింగ్ టాకీస్‌లో నేల టికెట్టుకి ఈ సినిమా చూసిన మనిషి. మొదటి ఏడాది తెర మీద బొమ్మ పడగానే "రామారావు ఇంత లావుండడమ్మా, ఎవరో సాగదీశారు" అన్నారు. నిజమే, ఆ రోజుల్లో బొమ్మ దాదాపు చదరంగా ఉండేది, మన టీవీలేమో అడ్డంగా పొడుగు, అందుకని ఆటోమేటిగ్గా సాగదీసి తెర నింపేస్తాయి. పిక్చర్ సైజ్‌లోకి వెళ్ళి 4:3 అనో ఒరిజినల్ అనో ఉంటుంది, అది పెట్టండి, రెండు పక్కలా నల్లటి పట్టీలు వస్తాయి, రానివ్వండి, రాముడి వేషంలో 27 ఏళ్ళ రామారావు సన్నగా, చలాకీగా కనిపిస్తాడు. అలాగే కదలికల్ని నున్నగా చేసి చూపించే మోషన్ స్మూతింగ్ ఆపేయండి, అది ఉంటే కత్తియుద్ధాలు సీరియల్‌లా కనిపిస్తాయి. సౌండ్‌లో బేస్ తగ్గించి క్లియర్ వాయిస్ లాంటిది ఉంటే పెట్టండి, పాత సౌండ్ ట్రాక్‌లో బేస్ పెంచితే గుర్రుమని మోత తప్ప ఏమీ రాదు, పింగళి నాగేంద్రరావు గారు రాసిన మాట ఒక్కటి కూడా వినపడకుండా పోకూడదు కదా.

గుమ్మం దగ్గర దీపం పెట్టాక హాల్లో ట్యూబ్‌లైట్ ఆపేసి, టీవీ వెనకాల చిన్న బల్బు ఒకటి ఉంచుకుంటే కళ్ళు లాగవు. కిటికీ జాలీ మూసుకోండి, వాన పడి తెరిపిచ్చిన సాయంత్రాల్లో దీపపు పురుగులు తెర మీదకే వస్తాయి. ఫోన్లన్నీ వంటింట్లో. 6:45కి మొదలవ్వాలి.

పిల్లలు పక్కనుంటే ముందే కొంచెం చెప్పండి, కథ మొత్తం కాదు. ఉజ్జయినిలో ఒక తోటమాలి కొడుకు, రాకుమారిని ఇష్టపడ్డాడు, రాజుగారు డబ్బు సంపాదించుకు రమ్మన్నారు, అటునుంచి నేపాళ మాంత్రికుడు సాహసవంతుడి కోసం వెతుకుతున్నాడు, ఇంత చాలు. కాశీమజిలీ కథల నుంచి వచ్చిన కథ ఇది, తీసిన నాగిరెడ్డి, చక్రపాణి గార్లే చందమామ పత్రిక నడిపినవాళ్ళు, అందుకే చందమామ చదివి పెరిగినవాళ్ళకి ఈ సినిమా వెంటనే సొంతమైపోతుంది. మా వాడికి తొమ్మిదేళ్ళు, రాముడి కంటే మాంత్రికుడే నచ్చాడు, సినిమా అయ్యేసరికి ఇంట్లో అందర్నీ మాంత్రికుడిలా డింభకా అని పిలవడం మొదలుపెట్టాడు. ఆ మాంత్రికుడి వేషం వేసిన ఎస్వీ రంగారావు గారికి అప్పటికి 32 ఏళ్ళే అని చెప్తే ఎవరూ నమ్మరు. ఆయన అబద్ధం చెప్పాక ఒక్క క్షణం కళ్ళు మాత్రం కదిలిస్తారు, నవ్వు గడ్డంలోపలే ఉండిపోతుంది, ఆ సీన్లు వచ్చినప్పుడు పల్లికాయ వలవడం ఆపి చూడండి.

ఇంటర్వెల్ మాత్రం తప్పకుండా ఇవ్వాలి, నేను అన్నిటికంటే గట్టిగా చెప్పేది ఇదే. ఈ సినిమాలు ఏకబిగిన చూడ్డానికి తీసినవి కావు, మధ్యలో జనం లేచి సోడా తాగి, బయట గాలి పీల్చుకుని, తర్వాతేమవుతుందో మాట్లాడుకుని మళ్ళీ వచ్చి కూర్చునేవాళ్ళు. రాముడు పాతాళ భైరవి ప్రతిమ చేతిలో పట్టుకుని గుహలోంచి బయటపడ్డాక ఆపండి. లైట్లేసి అన్నాలు తినండి, పొద్దున్నే చేసి పెట్టుకున్న పప్పుచారు, అప్పడాలు చాలు, ఆ రోజు వేపుళ్ళు పెట్టుకోవద్దు. సీతాఫలాలు కూడా ఇప్పుడే తినేయాలి, చీకట్లో గింజలతో కుదరదు. తినేటప్పుడు నాన్న టూరింగ్ టాకీస్‌లో రీలు మార్చే గ్యాప్‌లో ఈలలు ఎలా వేసేవాళ్ళో చెప్తుంటే మా వాడు అన్నం కలుపుకోవడం కూడా మర్చిపోయాడు, ఇంటర్వెల్ లేకపోతే ఆ కబుర్లు ఎప్పటికి బయటికొచ్చేవి.

8:40కి మళ్ళీ మొదలు. ఈ భాగంలో పాటలు వస్తే ముందుకి తోయకండి, ఘంటసాల గారి సంగీతం, ఆ నాలుగు నిమిషాల్లోనే కళ్ళకి కాస్త విశ్రాంతి, తర్వాత కథ పరుగెత్తుతుంది. పిల్లలకి నిద్రొస్తుంటే పడుకోనివ్వండి కానీ మాంత్రికుడి గడ్డం దగ్గరికొచ్చేసరికి లేపండి, మా వాడు ముందే ఒట్టు వేయించుకున్నాడు, లేపకపోతే మర్నాడు మాట్లాడనని.

పదిన్నరకి అయిపోతుంది. వెంటనే ఫోన్ తీసి చూడొద్దు, ఒక పది నిమిషాలు అలాగే కూర్చుని మాట్లాడుకోండి, నాన్న ఆ టైమ్‌లో ఏదో ఒక పాట కూనిరాగం తీస్తూ ఉంటారు. పల్లికాయ తొక్కలు పొద్దున చెత్తబండిలోకే, ఉప్పునీళ్ళలో ఉడికినవి కదా, మంచి ఎరువు అనుకుని కుండీల్లో వేస్తే మొక్కలు మాడిపోతాయి.